సిబ్బందికి శిక్షణ ఇచ్చినా రోగుల సంతృప్తి ఎందుకు పెరగలేదు?

ప్రశ్న: నేను ఒక మధ్యస్థాయి ఆసుపత్రిలో నర్సింగ్ సూపరింటెండెంట్‌గా పనిచేస్తున్నాను. రోగులు నింపే ఫీడ్‌బ్యాక్ ఫారాల్లో సిబ్బంది ప్రవర్తనకు తక్కువ మార్కులు వస్తున్నాయని యాజమాన్యం గత ఏడాది బయటి సంస్థను పిలిపించి, నర్సులందరికీ రెండు రోజుల పాటు మర్యాద, మాటతీరు మీద శిక్షణ ఇప్పించింది. శిక్షణ చాలా బాగుందని అందరూ రాసి ఇచ్చారు. నెలలు గడిచినా రోగులు ఇచ్చే మార్కులు మాత్రం ఉన్నచోటనే ఉన్నాయి. శిక్షణ దండగ అని యాజమాన్యం ఇప్పుడు తేల్చేసింది. శిక్షణకూ రోగి సంతృప్తికీ నిజంగా సంబంధం ఉందా? ఉంటే ఎవరికి ఏమి నేర్పాలి? ఈ మార్కులను నర్సుల ఇంక్రిమెంట్లతో ముడిపెడతామంటున్నారు, దానికి నేను ఒప్పుకోవచ్చా?

సమాధానం: మీ యాజమాన్యం అన్నదాంట్లో సగం నిజం ఉంది. మీ దగ్గర జరిగినటువంటి శిక్షణకు పెట్టిన డబ్బు చాలావరకు తిరిగి రాదు. అయితే దాన్నిబట్టి శిక్షణ అనేదే పనికిరాదని తేల్చడం తొందరపాటు. రెండు వైపులా ఆధారాలు ఉన్నాయి కాబట్టి ముందు వాటిని చూద్దాం.

అమెరికాలోని పోర్ట్‌లాండ్ ప్రాంతంలో 69 మంది వైద్యులను, ఇతర చికిత్సా సిబ్బందిని చీటీలు తీసినట్టుగా రెండు జట్లు చేసి, ఒక జట్టుకు ముందు, రెండో జట్టుకు తరువాత సంభాషణా నైపుణ్యాల శిక్షణ ఇచ్చి, వారి రోగుల అభిప్రాయాలను పోల్చి చూసిన అధ్యయనం 1999లో వెలువడింది. తమ నైపుణ్యం కొంత మెరుగుపడిందని శిక్షణ పొందినవారు చెప్పుకున్నారు, కానీ వారి రోగుల సంతృప్తిలో మెరుగుదల కనిపించలేదు. ఇక 2016లో అమెరికాలోని క్లీవ్‌లాండ్ క్లినిక్ అనే పెద్ద ఆసుపత్రి నుంచి వచ్చిన అధ్యయనంలో, ఎనిమిది గంటల శిక్షణ పొందిన దాదాపు 1,500 మంది వైద్యులకు, ఆ శిక్షణ పొందనివారి కంటే రోగుల నుంచి కొంత ఎక్కువ మార్కులు వచ్చాయి. ఆ వైద్యుల్లో సానుభూతి పెరిగిందనీ, వృత్తి వల్ల కలిగే మానసిక అలసట తగ్గిందనీ కూడా అందులో నమోదైంది. మార్కుల తేడా మాత్రం ఒకటి రెండు పాయింట్ల స్థాయిలోనే ఉంది. పైగా అది చీటీల పద్ధతిలో జరిగిన పరీక్ష కాదు కనుక దాన్ని తిరుగులేని రుజువుగా తీసుకోకూడదు. అక్కడ బోధకులు బయటివారు కారు. తోటి వైద్యులే చిన్న చిన్న బృందాలుగా కూర్చోబెట్టి, ఒకరు రోగిగా, ఒకరు వైద్యుడిగా మాట్లాడిస్తూ అభ్యాసం చేయించారు. పోర్ట్‌లాండ్ అధ్యయనం చేసినవారు కూడా తమ వైఫల్యాన్ని పరిశీలించి, ఇటువంటి శిక్షణ మరింత లోతుగా సాగాలనీ, పని చేస్తుండగా గమనించి తప్పొప్పులు చెప్పే ఏర్పాటు దాని వెంట ఉండాలేమోననీ రాశారు. నా అభిప్రాయంలో మీకు కావలసిన జవాబు ఆ చివరి మాటలోనే ఉంది.

మీ ఉత్తరంలో “శిక్షణ చాలా బాగుందని అందరూ రాసి ఇచ్చారు” అన్న వాక్యం దగ్గర నేను ఆగాను. శిక్షణ ఫలితాన్ని నాలుగు మెట్లుగా చూడాలని డొనాల్డ్ కిర్క్‌పాట్రిక్ అనే అమెరికన్ నిపుణుడు 1959లో ప్రతిపాదించారు. పాల్గొన్నవారికి అది నచ్చిందా, వారు ఏమైనా నేర్చుకున్నారా, నేర్చుకున్నది పనిలో చేస్తున్నారా, దానివల్ల సంస్థకు ఫలితం వచ్చిందా అన్నవి ఆ మెట్లు. మీరు మొదటి మెట్టును కొలిచి, తిన్నగా నాలుగో మెట్టు దగ్గరకు వెళ్లి ఫలితం కోసం ఎదురుచూశారు. శిక్షణ ముగిసిన మరుసటి వారం రాత్రి షిఫ్టులో, సెలైన్ మార్చేటప్పుడో మందులు ఇచ్చేటప్పుడో మీ నర్సులు మునుపటికి భిన్నంగా ఏం చేశారని అడిగితే చెప్పగలిగేవారు ఎవరైనా ఉన్నారా? ఎవరూ చూడలేదు కాబట్టి ఎవరూ చెప్పలేరు. ఆ మూడో మెట్టును వదిలేసినంతకాలం ఎంత ఖరీదైన బోధకుడు వచ్చినా మీకు అందేది సర్టిఫికెట్లే.

రెండో చిక్కు మర్యాద అనే అంశంలోనే ఉంది. మర్యాదగా ఉండండి, చిరునవ్వుతో మాట్లాడండి, రోగిని కుటుంబసభ్యుడిలా చూడండి అని చెబితే ఏ నర్సూ కాదనరు. కానీ డ్యూటీ ఎక్కాక ఆమె కచ్చితంగా ఏం చేయాలో ఆ మాటల వల్ల తెలియదు. రోగి మనసులో మిగిలేది కొన్ని నిర్దిష్టమైన క్షణాలు. సూది గుచ్చిన క్షణం, బెల్లు కొట్టి ఎదురుచూసిన క్షణం, డాక్టరు రౌండ్లకు వచ్చి వెళ్లిపోయాక ఏం చెప్పారో అర్థం కాని క్షణం, డిశ్చార్జి కాగితాలు చేతికొచ్చిన క్షణం. అటువంటి ఒక్కొక్క క్షణాన్నీ విడదీసి, ఆ సమయంలో ఏ పని ఏ వరసలో చేయాలి, ఏ మాట చెప్పాలి అన్నది నేర్పినప్పుడే శిక్షణ మంచం దాకా చేరుతుంది.

కాన్యులా (సెలైన్ కోసం నరంలో ఉంచే చిన్న గొట్టం) పెట్టే సందర్భాన్నే తీసుకోండి. ఒక నర్సు ట్రేతో వచ్చి, చేయి పట్టుకుని, బ్యాండు బిగించి, గుచ్చి, నరం దొరకక మళ్లీ గుచ్చి, ప్లాస్టర్ వేసి వెళ్లిపోతుంది. ఆమె ఒక్క కటువైన మాట కూడా అనలేదు, అయినా రోగి ఆమెను దయలేని మనిషిగా గుర్తుపెట్టుకుంటాడు. మరో నర్సు వచ్చి, “సెలైన్ కోసం చిన్న గొట్టం పెట్టడానికి వచ్చానండి. ఏ చేయి అయితే మీకు అనుకూలం? ఇంతకుముందు గుచ్చినప్పుడు ఎక్కడ దొరికింది? నేను రెండుసార్లు ప్రయత్నిస్తాను, అప్పటికీ కుదరకపోతే సీనియర్ సిస్టర్‌ను పిలుస్తాను” అని చెప్పి పని మొదలుపెడుతుంది. ఈ నాలుగు వాక్యాలకు అర నిమిషం కూడా పట్టదు. రెండోసారి గుచ్చినా ఆ రోగి ఓర్చుకుంటాడు, ఎందుకంటే నొప్పికి ఒక హద్దు ఉందని ముందే తెలిసింది. ఇందులో ఒక సంగతిని శిక్షణ సంస్థలు సాధారణంగా ప్రస్తావించవు. నాలుగుసార్లు గుచ్చాక ఎంత తియ్యగా మాట్లాడినా లాభం లేదు. ఒకేసారిలో నరం పట్టే చేతి నైపుణ్యం కూడా రోగి సంతృప్తిలో భాగమే. అందుచేత మాటతీరు శిక్షణ, పని శిక్షణ అని రెండు వేర్వేరు కార్యక్రమాలుగా పెట్టకండి. బొమ్మ చేతి మీద కాన్యులా అభ్యాసం చేయించేటప్పుడే పై మాటలు కూడా చెప్పిస్తూ చేయిస్తే, మాట, చేయి కలిసి అలవాటవుతాయి.

వినడం విషయంలోనూ ఇలా కచ్చితంగానే నేర్పవచ్చు. 1984లో బెక్‌మన్, ఫ్రాంకెల్ అనే ఇద్దరు పరిశోధకులు 74 ఓపీ సంభాషణలను పరిశీలిస్తే, కేవలం 17 సంభాషణల్లోనే రోగి తన బాధను మొదటే పూర్తిగా చెప్పుకోగలిగాడు. మధ్యలో అడ్డుపడినచోట సగటున 18 సెకన్లకే వైద్యుడు మాట అందుకున్నాడు. అడ్డుపడకపోతే రోగి ఎడతెగకుండా మాట్లాడుతూనే ఉంటాడన్న భయం చాలామందిలో ఉంటుంది. స్విట్జర్లాండ్‌లోని బాజిల్‌లో 335 మంది రోగులను మాట్లాడనిచ్చి చూస్తే, 2002లో ప్రచురితమైన ఆ ఫలితాల ప్రకారం, వారు తమంతట తాము ముగించడానికి పట్టిన సమయం సగటున 92 సెకన్లు. నలుగురిలో ముగ్గురికి పైగా రెండు నిమిషాల్లోపే ముగించారు. ఈ లెక్క చెబితే చాలు, శ్రద్ధగా వినండి అన్న ఉపదేశం కంటే అది బాగా పనిచేస్తుంది, ఎందుకంటే టైము లేదన్న అభ్యంతరానికి అది సూటిగా జవాబిస్తుంది. కూర్చుని మాట్లాడడం కూడా ఇటువంటిదే. వెన్నెముక శస్త్రచికిత్స జరిగిన 120 మంది రోగులతో 2012లో వెలువడిన ఒక అధ్యయనంలో, సర్జన్ కూర్చుని మాట్లాడినప్పుడు నిజంగా గడిపింది నిమిషం చిల్లర, రోగులకు అనిపించింది ఐదు నిమిషాలకు పైగా. నిలబడి మాట్లాడినప్పుడు గడిపింది దాదాపు నిమిషంన్నర, అనిపించింది నాలుగు నిమిషాల లోపు. మీ వార్డుల్లో ప్రతి మంచం పక్కన ఒక స్టూలు ఉందో లేదో, ఉంటే దాని మీద బంధువుల సంచులు కాకుండా మనిషి కూర్చునే చోటు ఉందో లేదో ఒకసారి చూడండి. శిక్షణ బడ్జెట్‌లో కొంత స్టూళ్లకు పోయినా తప్పులేదు.

డిశ్చార్జి దగ్గర మాత్రం ఎక్కువ శ్రద్ధ పెట్టండి. కొలనోస్కోపీ (పెద్దపేగు లోపలికి గొట్టం పంపి చేసే పరీక్ష) వంటి బాధాకరమైన ప్రక్రియలు జరిగిన రోగుల మీద రెడెల్‌మైర్, కానెమన్ అనే పరిశోధకులు 1996లో ప్రచురించిన పరిశోధన ప్రకారం, తరువాత గుర్తుండే బాధను ఎక్కువగా నిర్ణయించినవి బాధ తీవ్రంగా ఉన్న క్షణం, చివరి కొద్ది నిమిషాలు. ప్రక్రియ ఎంతసేపు సాగిందన్నది అంతగా లెక్కలోకి రాలేదు. ఆసుపత్రిలో గడిపిన రోజులన్నింటికీ ఆ సూత్రాన్ని యథాతథంగా అన్వయించలేం కానీ, ఐదు రోజులు బాగా చూసుకుని ఆరో రోజున బిల్లు, బీమా కాగితాల కోసం మధ్యాహ్నం దాకా కూర్చోబెట్టిన ఆసుపత్రికి ఎటువంటి ఫీడ్‌బ్యాక్ వస్తుందో మీకు తెలియనిది కాదు. పైగా ఆ హడావిడిలోనే నర్సు మందుల చీటీ చదివి వినిపించి, “అర్థమైందా?” అని అడుగుతుంది. అందరూ తల ఊపుతారు. వైద్యులు, నర్సులు చెప్పినదాంట్లో 40 నుంచి 80 శాతం దాకా రోగులు అక్కడికక్కడే మరిచిపోతారని 2003లో వచ్చిన ఒక సమీక్ష పేర్కొంది. ఆ ప్రశ్నకు బదులు, “నేను సరిగ్గా చెప్పానో లేదో చూసుకోవాలి, ఇంటికెళ్లాక ఈ మందులు ఎలా వేసుకుంటారో ఒక్కసారి నాకు చెప్పండి” అని అడిగించండి. అప్పుడు ఒక పెద్దాయన చీటీలోని మందులన్నీ సరిగ్గానే చెప్పి, చివర్లో “వీటితోపాటు ఇంట్లో ఉన్న పాత బీపీ మాత్ర ఎలాగూ వేసుకుంటాను కదా” అనవచ్చు. ఆ పాత మాత్ర, చీటీలోని కొత్త మాత్ర ఒకే మందు, కంపెనీ పేరు మాత్రమే వేరు అన్న సంగతి ఆ క్షణాన బయటపడుతుంది. అటువంటి పొరపాటును తన ఎదుటే పట్టుకున్న నర్సును రోగి మరిచిపోడు. ఆ మెలకువను తను మర్యాద కంటే ఎక్కువగా లెక్కవేసుకుంటాడు.

ఎవరికి నేర్పాలన్న ప్రశ్నకు వస్తే, మీ శిక్షణ నర్సులకే పరిమితం కావడం పెద్ద లోటు. రోగి దృష్టిలో సిబ్బంది అంటే ఐసీయూ తలుపు దగ్గర నిలబడిన సెక్యూరిటీ గార్డు, స్ట్రెచర్ తోసే వార్డు బాయ్, పక్క మార్చే ఆయా, రక్తం తీసే ల్యాబ్ టెక్నీషియన్, బిల్లింగ్ కౌంటరులోని ఉద్యోగి, అందరూ. ఫారంలో “సిబ్బంది ప్రవర్తన” అని ఒకే గడి ఉంటే, గార్డు కసిరిన కసురుకు మార్కులు నర్సుకు తగ్గుతాయి. లోపలున్న తండ్రి ఎలా ఉన్నాడో తెలియక తలుపు దగ్గర నిలబడ్డ కొడుక్కి, “డాక్టరు గారు సాయంత్రం రౌండ్ల తరువాత వచ్చి మీతో మాట్లాడతారు, అప్పటిదాకా ఆ కుర్చీల్లో కూర్చోండి, ఏదైనా అవసరమైతే నేనే వచ్చి పిలుస్తాను” అని చెప్పగలిగేది ఆ గార్డు ఒక్కడే. అయితే డాక్టరు ఎప్పుడు వస్తారో గార్డుకు ఎవరో ఒకరు చెప్పి ఉండాలి. కారణం తెలియని నిరీక్షణ, కారణం తెలిసిన నిరీక్షణ కంటే ఎక్కువసేపు సాగినట్టు అనిపిస్తుందని నిరీక్షణ మీద రాసిన డేవిడ్ మైస్టర్ అనే నిర్వహణ నిపుణుడు 1985లో చెప్పిన మాట సేవలందించే ప్రతి రంగానికీ వర్తిస్తుంది, ఆసుపత్రికి మరింతగా వర్తిస్తుంది.

వైద్యులను ఈ శిక్షణకు రప్పించడం కష్టమని మీరంటారని తెలుసు. రప్పించలేకపోతే కనీసం రౌండ్లలో నర్సు పక్కన ఉండేలా చూడండి. డాక్టరు రేపు ఇంటికి పంపుతామన్నారట, రాత్రి డ్యూటీ సిస్టర్‌ను అడిగితే తనకు తెలియదన్నారట, పొద్దున వచ్చిన మరొకరు ఇంకా రెండు రోజులన్నారట. ఇటువంటి ఫిర్యాదుల్లో ఎవరి మర్యాదకూ లోటు లేదు, ఒకరు చెప్పినదానికి మరొకరు చెప్పినదానికి పొంతన లేదు, అంతే. షిఫ్టు మారేటప్పుడు డ్యూటీ అప్పగింతను నర్సింగ్ స్టేషన్ దగ్గర కాకుండా రోగి మంచం దగ్గర, రోగి వింటుండగా చేయడం నేర్పిస్తే ఈ ఫిర్యాదుల్లో చాలా భాగం పోతుంది. నలుగురిలో చెప్పకూడని సంగతులను మాత్రం విడిగా అప్పగించుకోవాలి.

ఇక పద్ధతి. సభామందిరంలో రెండు రోజుల బదులు, ఒక వార్డును ఎంచుకుని, ఒక క్షణాన్ని, ఒక అలవాటును మాత్రమే తీసుకుని, షిఫ్టు మొదట్లో పావుగంట అభ్యాసం పెట్టండి. నేర్పేది ఆ వార్డు ఇన్‌చార్జి సిస్టరే కావాలి. ఆమె వారంలో కొన్నిసార్లు ఒక్కొక్కరి పని పక్కన నిలబడి చూసి, తరువాత విడిగా పిలిచి, బాగున్నది ముందు, మార్చుకోవలసింది తరువాత చెప్పాలి. రోగి ముందు దిద్దకూడదు. మొదటి అలవాటు కుదిరాకే రెండోదానికి వెళ్లండి. ఇందుకు ఇన్‌చార్జికి సమయం కావాలి కనుక ఆమె మీద ఉన్న రిజిస్టర్ల పనిలో కొంత వేరొకరికి ఇవ్వండి. ఇది చేయలేకపోతే మొదలుపెట్టకపోవడమే నయం.

శిక్షణకు ఒక హద్దు ఉందని కూడా యాజమాన్యానికి మీరు చెప్పవలసి ఉంటుంది. యూరప్‌లోని 12 దేశాలతోపాటు అమెరికాలోనూ జరిపిన పెద్ద సర్వే ఫలితాలు 2012లో వచ్చాయి. నర్సుకు తక్కువమంది రోగులు, మెరుగైన పని వాతావరణం ఉన్న ఆసుపత్రులకు రోగులు మంచి మార్కులు ఇచ్చారని అది చూపింది. గంటకోసారి ప్రతి మంచం దగ్గరికీ వెళ్లి నొప్పి, మరుగుదొడ్డి అవసరం, పడుకున్న తీరు, చేతికందే దూరంలో వస్తువులు చూసి రావడం వల్ల బెల్లులు తగ్గాయనీ, రోగులు పడిపోవడం తగ్గిందనీ, సంతృప్తి పెరిగిందనీ 2006లో అమెరికా ఆసుపత్రుల నుంచి వచ్చిన అధ్యయనం చెబుతోంది. చాలా మంచి పద్ధతి. కానీ రాత్రిపూట ఒక్క నర్సుకు చూడలేనంతమందిని అప్పగించి, గంటగంటకూ తిరిగినట్టు చార్టులో సంతకం పెట్టమంటే ఆమె సంతకమే పెడుతుంది, తిరగడం జరగదు. అప్పుడు లోపం ఆమె శిక్షణలో ఉందనడం అన్యాయం.

కొలత విషయంలో రెండు మార్పులు చేయండి. డిశ్చార్జి కౌంటరు దగ్గర, బిల్లు కడుతుండగా, సిబ్బంది ఎదుటే ఫారం నింపించడం మానేసి, ఇంటికి వెళ్లిన కొద్దిరోజులకు, చికిత్సతో సంబంధం లేని మనిషి చేత ఫోనులో అడిగించండి. మా సేవలు ఎలా ఉన్నాయి అని అడగకుండా, నర్సులు మీరు చెప్పేది ఎంత తరచుగా శ్రద్ధగా విన్నారు, కొత్త మందు ఇచ్చేముందు అది దేనికో ఎంత తరచుగా చెప్పారు అని అడిగి, ఎప్పుడూ లేదు, అప్పుడప్పుడు, సాధారణంగా, ప్రతిసారీ అనే నాలుగు జవాబుల్లో ఒకటి ఎంచుకోమనండి. అమెరికా ఆసుపత్రుల జాతీయ సర్వేలో ప్రశ్నలు ఈ తీరులోనే ఉంటాయి. మీరు నేర్పిన అలవాటు గురించిన ప్రశ్నకు జవాబులు మారుతున్నాయా అన్నదే మొదట చూడవలసింది. మొత్తం మార్కు కదలడానికి ఆలస్యమవుతుంది, అది మీ చేతిలో లేని ఎన్నో కారణాల మీద ఆధారపడుతుంది.

ఇంక్రిమెంట్ల సంగతికి నా జవాబు వద్దనే. మార్కు వ్యక్తికి రాదు, ఆ రోగిని తాకిన పదిమందికీ కలిపి వస్తుంది. అది ఒక కారణం. సంతృప్తి, చికిత్స నాణ్యత ఒకటి కావన్నది అంతకంటే బలమైన కారణం. 2012లో అమెరికాలో వెలువడిన ఒక పెద్ద అధ్యయనంలో, అత్యధిక సంతృప్తి తెలిపిన రోగుల్లో ఆసుపత్రి చేరికలు, ఖర్చు, మరణాలు కూడా ఎక్కువగా కనిపించాయి. సంతృప్తి వల్లనే అలా జరిగిందని దాని అర్థం కాదు, కానీ మార్కులను జీతానికి కట్టే ముందు ఎవరైనా ఒకసారి ఆగి చూడవలసిన ఫలితం అది. ఆపరేషన్ అయిన మర్నాడు నొప్పి ఉన్నా రోగిని లేపి నడిపించడం, షుగరు ఉన్న మనిషికి మిఠాయి వద్దనడం, సందర్శకుల వేళ ముగిసిందని బంధువులను బయటికి పంపడం నర్సు విధి. ఆ పనులు చేసినందుకు జీతం తగ్గుతుందని తెలిస్తే కొందరు చేయడం మానేస్తారు, మరికొందరు మంచి మార్కులు వేసే రోగుల చేతికే ఫారం ఇస్తారు. యాజమాన్యం తప్పనిసరిగా ఏదో ఒకదానికి ప్రోత్సాహకం ఇవ్వాలనుకుంటే వార్డు మొత్తానికి కలిపి ఇవ్వమనండి. అది కూడా రోగుల మార్కులను బట్టి వద్దు. ఇన్‌చార్జి పక్కన నిలబడి గమనించిన అలవాట్లు వార్డులో ఎంతవరకు నిలబడ్డాయో చూసి ఇవ్వమనండి. ఈ షరతును లిఖితపూర్వకంగా తీసుకున్నాకే రెండో విడత శిక్షణకు తేదీలు ఖరారు చేయండి.